తూన్సీ అని ఇంటిపేరుంటే ట్యునీషియా మనిషేనా?

బైరం అల్ తూన్సీని ఒకచోట ఈజిప్టు కవి అని, ఇంకోచోట ట్యునీషియా వాడని రాశారు, ఏది రాయాలి అని అడిగారు కదండీ. ఈజిప్టు కవి అనే రాయండి. 1893లో అలెగ్జాండ్రియాలో పుట్టాడు, అక్కడి ప్రసిద్ధ గాయని ఉమ్ కుల్సూమ్ పాడిన పాటలు ఈజిప్టు వాడుక భాషలోనే రాశాడు. పూర్వీకులు ట్యునీషియా నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు. మన తాడేపల్లి వారంతా తాడేపల్లిలోనే పుట్టారా ఏంటి!

ఖైరుద్దీన్ అల్ తూనిసీది ఇంకా తమాషా. పుట్టుకతో సర్కాసియన్, అంటే కాకసస్ ప్రాంతపు జాతివాడు. చిన్నప్పుడే బానిసగా ఇస్తాంబుల్ చేరి, అక్కణ్ణుంచి ట్యునీషియా వెళ్లి, 1873లో ప్రధాని అయ్యాడు. తర్వాత మళ్లీ ఇస్తాంబుల్‌లోనే 1878లో ఒట్టోమన్ సామ్రాజ్యానికి మహామంత్రి. టర్కులకు ఆయన ‘తునుస్లు’ హైరెద్దీన్ పాషా.

తూన్సీ, తూనిసీ, అత్తూన్సీ అన్నీ ఒకటే. పేరు ముందు వచ్చే అరబ్బీ ‘అల్‌’లోని లకారం త ముందు ఉచ్చారణలో త అయిపోతుంది. అరబ్బీ లిపిలో వెతికితే ఈ గొడవ ఉండదు.

ఒక్క జాగ్రత్త: అరబ్బీలో రాజధానికీ దేశానికీ తూనిస్ అనే పేరు. పాత గ్రంథాల్లో తూనిసీ అని కనబడితే, దేశస్థుడని కాక ఆ ఊరివాడనే అర్థం కావచ్చు. ‘తూన్సీలో మాట్లాడాడు’ అంటే మాత్రం అక్కడి వాడుక భాష.