సంత మేకలు తెచ్చాక మందకంతా పాకిన కళ్ల కలక: కంట్లో తెల్లపొర వస్తే గుడ్డిదైనట్టేనా?

సంతలో కొన్న మేకలు వచ్చిన వారానికే పాతవాటికీ కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, ఒకదాని కన్ను తెల్లబడింది, గుడ్డిదయ్యేలోపు అమ్మేయనా అని ఒకరు అడిగారు. అమ్మకండి అన్నా. కంటి పైపొర వాచి మసకబారితే అలా తెల్లగా కనిపిస్తుంది. చాలా మేకలకు రెండు మూడు వారాల్లో తేటపడుతుంది.

మా మందలో పాలిచ్చే మేక ఒకదానికి రెండు కళ్లూ తెల్లబడ్డాయి. గోడకు గుద్దుకుంటూ నడిచేది, తొట్టి పక్కనే నిలబడి మేత కోసం వెతుక్కునేది. మేతా నీళ్లూ దాని మూతి దగ్గరికే తీసుకెళ్లి పెట్టాం. కొన్నాళ్లకు కంటి అంచు నుంచి ఎర్రటి సన్న రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకాయి. ఇంట్లోవాళ్లు ముదిరిందనుకున్నారు. అది మానుతున్న గుర్తని డాక్టరుగారు చెప్పారు. తర్వాత చూపు వచ్చింది, ఒక కంట్లో చిన్న మచ్చ మాత్రం ఉండిపోయింది.

మేకల్లో ఇది ఎక్కువగా మైకోప్లాస్మా, క్లమీడియా క్రిములతో వస్తుంది. పైకి బాగున్న మేక కూడా వాటిని నెలల తరబడి మోయగలదు, సంత మేకలతో వచ్చే చిక్కే అది. ఆపైన ఈగలు, ఒకే తొట్టిలో మూతులు రాసుకోవడం, కిక్కిరిసిన దొడ్డి, మూత్రం ఘాటు, దుమ్ము, ఎర్రటి ఎండ, లారీ ప్రయాణపు అలసట. సర్కారు తుమ్మ ముల్లో, ఎండుగడ్డి మొనో కన్ను గీరితే క్రిమికి దారి ఇంకా సులువు.

ఒక్క మేకకు, అదీ ఒక్క కంటికే వస్తే ముందు టార్చి వేసి రెప్ప లోపల నలుసు ఉందేమో చూడండి. కంటి నీళ్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, పారుడు కూడా ఉంటే పీపీఆర్ (మేకలు, గొర్రెలకు వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు) అని అనుమానించాలి. ఒక చెవి వాలి, పెదవి ఒక పక్కకు జారి, గుండ్రంగా తిరుగుతుంటే అది మెదడుకు సంబంధించిన జబ్బు. ఈ రెండింటికీ ఆలస్యం చేయకుండా పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ కొట్టండి.

వైద్యానికి వస్తే, మైకోప్లాస్మాకు పెన్సిలిన్ దెబ్బతీసే కణకవచం (కణం చుట్టూ ఉండే గోడ) ఉండదు కాబట్టి అది పనిచేయదు. ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతారు. కళ్లను సెలైన్‌తో కడిగి, ఆ మందున్న కంటి ఆయింట్‌మెంట్ రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. మేకను మోకాళ్ల మధ్య ఇరికించి, కింది రెప్పను బొటనవేలితో లాగి, ఆ సంచిలో సన్నగా పిండండి. ట్యూబు కొన కంటికి తగలకూడదు. ఎక్కువ వాటికి సోకితే అదే మందు లాంగ్ యాక్టింగ్ (ఎక్కువ రోజులు పనిచేసే) ఇంజెక్షన్ మేలు. మామూలు లెక్క కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. రెండో డోసు కావాలా, ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి. సీసా మీద రాసిన గడువు దాటేవరకు పాలు వాడకూడదు, కోతకు అమ్మకూడదు.

మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ కలిసిన చుక్కలు మాత్రం వద్దే వద్దు. కంట్లో పుండు ఉంటే అవి దాన్ని మాననివ్వవు, కన్ను చిట్లిపోయే ప్రమాదం ఉంది. పొగాకు రసం, నమిలి ఊసిన ఉప్పు లాంటివి పెద్దాళ్లు చెప్తారు, వాళ్ల మాట కాదనలేక ఊరుకుంటాం. ఈ విషయంలో ఊరుకోకండి.

సోకినవాటిని నీడ ఉన్న చోట విడిగా కట్టండి. బాగున్న మేకల పని ముందు ముగించుకుని చివర్లో వీటి దగ్గరికి వెళ్లండి, తర్వాత చేతులు సబ్బుతో కడగండి. క్లమీడియాలో కొన్ని రకాలు మనుషులకూ అంటుతాయి, ఇంట్లో గర్భిణులుంటే వాళ్లను ఈ పనికి పంపొద్దు. ఒకసారి తగ్గినా రోగనిరోధక శక్తి ఎక్కువ కాలం నిలవదు, మళ్లీ రావచ్చు. అందుకే ఇకమీదట సంత నుంచి తెచ్చినవాటిని మూడు వారాలైనా వేరే తొట్టి పెట్టి విడిగా ఉంచండి.