పై గదిలో అడుగుల చప్పుడు: కాంక్రీటు పోస్తే తగ్గుతుందా?

ప్రశ్న: మా హాలు ఎత్తు 14 అడుగులు. సగం ఎత్తులో ఇనుప దూలాలు వేసి, సిమెంటు ఫైబర్ బోర్డులు బిగించి 12×15 అడుగుల గది కట్టించాం. పిల్లలు నడిస్తే కింద డప్పు కొట్టినట్టుంది. రెండంగుళాల కాంక్రీటు పోసి టైల్స్ వేస్తే పోతుందని మేస్త్రీ అంటున్నారు. పోయించవచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పోయించవచ్చు, బోర్డు మీద నేరుగా మాత్రం వద్దు. బరువు పెరిగితే మాటలు, టీవీ గోల తగ్గుతాయి. అడుగుల చప్పుడు అలా కాదు, అది దెబ్బ. కాంక్రీటు బోర్డుకు, బోర్డు దూలానికి అతుక్కుని ఉంటే ఆ దెబ్బ తిన్నగా కిందికి దిగుతుంది. టైల్ మీద గిన్నె పడితే ఇంకా పదునుగా వినిపిస్తుంది. మధ్యలో మెత్తటి పొర ఉండాల్సిందే.

ముందు బరువు సంగతి. రెండంగుళాల మామూలు కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. మీ గదికి రెండు టన్నులు, టైల్స్ కాకుండా. ఇళ్లలో మనుషులకు, సామానుకు కలిపి లెక్కగట్టేదే చదరపు మీటరుకు 200 కిలోలు! దూలాల సైజు, వాటి మధ్య ఎడం, వెల్డింగులు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించందే ఒక్క బస్తా సిమెంటు కూడా దింపించొద్దు. దూలం ఊగితే పోసిన కాంక్రీటూ పగులుతుంది.

ఆయన సరేనంటే, వదులైన స్క్రూలు బిగించి బోర్డులు శుభ్రంగా ఊడ్పించండి. ఫ్లోరింగ్ కింద వేయడానికే తయారుచేసిన 8–10 మి.మీ. రబ్బరు మ్యాట్ పరవాలి. ప్యాకింగ్ థర్మోకోల్ బరువుకు అణిగిపోతుంది, వద్దు. గోడల వెంట, పైపుల చుట్టూ 10 మి.మీ. ఫోమ్ పట్టీ టైల్ మట్టం దాటేలా నిలబెట్టాలి. మ్యాట్ మీద పాలిథిన్ షీటు, అతుకుల దగ్గర 150 మి.మీ. ఒకదానిమీదొకటి వచ్చేలా వేసి టేపు అంటించాలి. సిమెంటు పాలు ఏ సందులోంచి కారి గడ్డకట్టినా కాంక్రీటు బోర్డును పట్టేసుకుంటుంది. గుప్పెడు ముద్ద చాలు, మ్యాట్ డబ్బులు దండగ.

చిన్న కంకర చిప్స్‌తో ఎం20 గ్రేడు (బలాన్ని బట్టి ఇచ్చే పేరు) కాంక్రీటు కలపాలి, నీళ్లు తక్కువ. వెల్డ్ మెష్ (ఇనుప తీగల జాలీ) అడుగున పడిపోకుండా కవర్ బ్లాకుల (చిన్న సిమెంటు దిమ్మల) మీద నిలపాలి. మన ఎండలకు పొద్దున్నే పోయించి, తడి గోనెలు, వాటిపై పాలిథిన్ 7 రోజులు కప్పి ఉంచండి. మడులు కట్టి నీళ్లు నిలిపితే హాల్లోకి కారతాయి.

ప్రశ్న: మ్యాట్ వేసే పోయించాం. అయినా చప్పుడు పోలేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: స్కర్టింగ్‌కూ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) ఫ్లోర్ టైల్‌కూ మధ్య పాత ఏటీఎం కార్డు దూర్చి చూడండి. దూరకపోతే అక్కడ గ్రౌటు (టైల్స్ సందుల్లో నింపే సిమెంటు ముద్ద) నింపేశారన్నమాట, దెబ్బ దాని గుండా గోడలోకి దిగుతోంది. టైల్స్ వేయకముందే ఫోమ్ పట్టీని కోసిపారేయడం మన పనివాళ్లకు అలవాటు. గ్రౌటు తీయించి, 3–5 మి.మీ. సందులో సిలికాన్ పెట్టించండి. పైపుల చుట్టూ కూడా చూడండి. అప్పటికీ మిగిలితే కింద రబ్బరు హ్యాంగర్లకు జిప్సం సీలింగ్ వేలాడదీసి, పైన 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి నారతో చేసిన మెత్తటి పరుపు) పరిపించాలి. దూలాలకే స్క్రూలతో బిగించే సీలింగ్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు.