జ్వరంతో వచ్చే సయాటికాను నమ్మొద్దు

బాబూ,

నీ మెసేజ్ చూశాను. పదహారేళ్ల కుర్రాడు, నాలుగు రోజులుగా జ్వరం, కుడి పిరుదులో నొప్పి, కాలు కింద పెట్టలేడు, ఎక్స్‌రే నార్మల్. "సయాటికా అనుకోవచ్చా సార్?" అన్నావు. సయాటికా అంటే నడుం నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి. అది జ్వరంతో వస్తే నేనైతే నమ్మను.

వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, నడుం కింద సొట్ట పడే చోట బొటనవేలితో నొక్కు. ఒక పక్కే ఉలిక్కిపడితే, తుంటి మెల్లగా తిప్పితే బాగానే తిరుగుతుంటే, సాక్రోఇలియాక్ జాయింట్‌లో, అంటే వెన్నెముక అడుగుభాగం కటి ఎముకతో కలిసే కీలులో, ఇన్ఫెక్షన్‌ను అనుమానించు. ఆ కీలు లోతులో ఉంటుంది, పైకి వాపు కనిపించదు. అందుకే ఒకరు డిస్క్ అంటారు, ఇంకొకరు అపెండిక్స్ అంటారు. ఎక్స్‌రేలో తేడా తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది, దాన్ని చూసి ధైర్యపడకు. ఎంఆర్ఐ రాసేటప్పుడు ఈ జాయింట్లకే అని స్పష్టంగా రాయి. మామూలుగా నడుముకు తీస్తే ఇది సరిగ్గా పడకపోవచ్చు.

యాంటీబయాటిక్ కంటే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) తీయించు. జ్వరం చూడగానే ఎవరో ఒకరు ఇంజెక్షన్ ఎక్కించేస్తారు, సిస్టర్‌కు ఇప్పుడే చెప్పి ఉంచు. బీపీ పడిపోతుంటే మాత్రం రక్తం తీసిన వెంటనే మందు మొదలెట్టు. కల్చర్‌లో ఏమీ పెరగకపోతే సీటీ సాయంతో కీలులోంచి సూదితో తీయించి, టీబీకి కూడా పంపు. ఎక్కువగా దొరికేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియానే. దానికి మొత్తం ఆరు వారాల మందు అనుకో, మొదట సెలైన్‌లో, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) దిగాక మాత్రల్లో. చీము గూడు కట్టకపోతే సర్జరీ అక్కర్లేదు. టీబీ కాదని తేలేదాకా లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ జోలికి వెళ్లకు, అది టీబీని సగం అణిచి మనల్ని ఏమారుస్తుంది.

నా తప్పు కూడా విను. గేదెలు మేపుకునే ఒకాయనకు వచ్చిపోయే జ్వరం, ఒక పక్క పిరుదు నొప్పి. వాతమనుకుని నెల రోజులు నొప్పి మాత్రలు రాశాను. ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే దూడ పడిపోయిన) గేదెకు దూడను చేతులతో లాగానని ఆయన తర్వాత చెప్పాడు. అంతకుముందు నేను అడిగితేగా! అది బ్రూసెల్లా, పశువుల నుంచి అంటుకునే బ్యాక్టీరియా. డాక్సీసైక్లిన్‌తో పాటు ఇంకో మందు కలిపి మూడు నెలలు వాడాల్సి వచ్చింది. ఒక్క మందే ఇస్తే తిరగబెడుతుంది. ఆ అనుమానం ఉంటే ల్యాబ్‌కు ముందే చెప్పాలి. అది నిదానంగా పెరుగుతుంది, పైగా ల్యాబ్ వాళ్లకూ అంటుకుంటుంది.

మీ కుర్రాణ్ణి పశువుల గురించి, పచ్చిపాల గురించి, ఈమధ్య తేలిన సెగ్గడ్డల గురించి అడుగు. ఎంఆర్ఐ రాగానే ఫొటోలు పంపు. పదిన్నర దాకా మేలుకునే ఉంటాను.