గోడౌన్‌కి వెళ్లకుండా స్టాక్ ఆడిట్ చేయొచ్చా?

యజమాని సంతకం పెట్టిన స్టాక్ లిస్టు చేతిలో ఉండగా గోడౌన్ దాకా వెళ్లడం దండగ కాదా అని ఒకరు అడిగారు. కాదు, వెళ్లాల్సిందే. స్టాక్ విలువ పెద్దదైతే లెక్కింపు దగ్గర ఆడిటర్ ఉండాలని ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 501 చెబుతోంది. యజమాని రాసిచ్చే హామీ దానికి బదులు కాదు. అయితే, ఏం తెలుసుకుని వెళ్తున్నామన్నది నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం.

నా ఆర్టికల్‌షిప్ (సీఏ శిక్షణ) రోజుల్లో, 2024 మార్చి 31న హైదరాబాద్ కాటేదాన్‌లో ఒక ఎలక్ట్రికల్ డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌కి వెళ్లాం. ఆదివారం, పైన రేకుల షెడ్డు, కింద ఉక్కపోత. ముందురోజే మా సీనియర్ నాతో లెక్క వేయించింది. అమ్మకాలు పోయినేడాది అంతే ఉన్నాయి, స్టాక్ మాత్రం బాగా పెరిగింది. అడిగితే "ఎండాకాలం కదమ్మా, ఫ్యాన్లు ముందే తెప్పించినం" అన్నారు యజమాని. పోయినేడాది మార్చిలోనూ ఎండాకాలమే కదా!

అక్కడ లిస్టు పట్టుకుని అట్టపెట్టెల దగ్గరికి, పెట్టెలు చూసి మళ్లీ లిస్టులోకి, రెండు వైపులా సరిచూశాం. ఒక్క పెట్టె తేడా రాలేదు. కానీ వెనక వరసలో పెట్టెల మీద దుమ్ము మందంగా పేరుకుంది. హమాలీని అడిగాను. "గవి స్టార్ లేబుల్ లేని పాత ఫ్యాన్లు సార్, వచ్చినకాడి నుంచి కదుల్తలేవు" అన్నాడు. కరెంటు ఆదాను చెప్పే ఈ స్టార్ లేబుల్ సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. పెరిగిన స్టాక్ అంతా ఆ వరసలోనే ఉంది.

పుస్తకాల్లో వాటిని కొన్న ధరకే చూపించారు. స్టాక్ విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 ప్రకారం కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది వేయాలి. "కొన్న బిల్లులున్నయి కదా" అని యజమాని చాలాసేపు వాదించారు. మా ఆడిటర్ సార్ ఏప్రిల్ అమ్మకాల బిల్లులు తెప్పించారు. ఆ ఫ్యాన్లలో కొన్నిటిని కొన్న ధరకన్నా బాగా తక్కువకు వదిలించుకున్నట్టు అందులోనే ఉంది. విలువ తగ్గించక తప్పలేదు, లాభమూ తగ్గింది.

మన ఊళ్లో చాలా ఆఫీసులు ఆర్టికల్స్ పిల్లలకు క్లయింట్ వ్యాపారం ఏంటో కూడా చెప్పకుండా టిక్కులు కొట్టి రమ్మని పంపేస్తాయి. ఇది నాకు అస్సలు నచ్చదు. అంకెలను పోల్చి తేడాలు పట్టుకోమనే ఎస్‌ఏ 520ని పరీక్ష కోసం బట్టీపట్టిన పిల్లలకు, నిష్పత్తి చూసి ఏ వరస దగ్గర ఆగాలో ఎవరూ నేర్పరు. సత్యం కంప్యూటర్స్ కంపెనీలో కాగితాల మీద లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు చూపించారని 2009లో బయటపడింది మన హైదరాబాద్‌లోనే. అయినా కాగితం ఉంటే చాలనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇంకోటి. కారో 2020 (ఆడిట్ రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు) వర్తించే కంపెనీకి స్టాక్, రావాల్సిన బాకీల తనఖా మీద 5 కోట్లు దాటిన వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) ఉంటే, బ్యాంకుకి మూడు నెలలకోసారి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు కూడా అడిగి తీసుకోండి. అవి పుస్తకాలతో సరిపోయాయో లేదో రిపోర్టులో మీరే రాయాలి.