రెండో రౌటర్‌ను వైఫై బ్రిడ్జ్‌గా పెట్టాక 169.254 అడ్రస్ వస్తుంటే ఏం చేయాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: మెయిన్ రౌటర్ ముందు గదిలో ఉంది. వెనక గదిలో డెస్క్‌టాప్, టీవీ, ప్రింటర్ ఉన్నాయి, మూడింటికీ కేబుల్‌తోనే నెట్ ఇవ్వాలి. అంత దూరం కేబుల్ లాగే వీల్లేదు కాబట్టి పాత రౌటర్‌ను వైఫై మీద మెయిన్ రౌటర్‌కు కలిపారు. కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది గానీ డెస్క్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తోంది, నెట్ రావట్లేదు.

ముందు ఆ అడ్రస్ సంగతి. అది ఏ రౌటరూ ఇచ్చింది కాదు. కంప్యూటర్ అడ్రస్ కోసం అడిగి అడిగి, ఎవరూ పలక్కపోతే తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. అంటే డెస్క్‌టాప్ అడుగుతున్నది మెయిన్ రౌటర్ దాకా చేరట్లేదు, లేదా చేరినా జవాబు తిరిగి రావట్లేదు. ఈ రెండింట్లో ఏదో తేల్చే పరీక్ష కింద రాశాను. కానీ సగం మార్చిన సెట్టింగుల మధ్య తప్పు వెతుక్కోవడం కంటే, పాత రౌటర్‌ను రీసెట్ కొట్టి మొదటినుంచీ చేసుకుంటేనే పని త్వరగా తెములుతుంది.

బ్రిడ్జ్‌గా పెట్టిన రౌటర్ రౌటర్ పని పూర్తిగా మానేయాలి. అడ్రసులు పంచకూడదు, తన వెనకాల వేరే నెట్‌వర్క్ కట్టకూడదు. వైఫై అనే పొడవాటి తీగతో మెయిన్ రౌటర్‌కు తగిలించిన స్విచ్‌లా ఉండాలి, అంతే. ఈ సెటప్‌లో వచ్చే తిప్పల్లో చాలామటుకు అది ఇంకా ఎక్కడో ఒకచోట రౌటర్‌లాగే నడుచుకోవడం వల్ల వచ్చేవే.

అందుకే మోడ్ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. యాక్సెస్ పాయింట్ మోడ్ మీకు పనికిరాదు, మెయిన్ రౌటర్ నుంచి కేబుల్ వస్తోందన్న లెక్కమీద నడిచే మోడ్ అది. విస్ప్ అని కనిపించే మోడ్ వైఫైతోనే కలుస్తుంది, నెట్ కూడా వస్తుంది. కానీ వెనకాల వేరే నెట్‌వర్క్ కట్టేస్తుంది కాబట్టి ముందు గదిలో ఫోన్‌లోంచి వెనక గది ప్రింటర్ కనబడదు. రిపీటర్ లేదా రేంజ్ ఎక్స్‌టెండర్ మోడ్‌లో మామూలుగా కేబుల్ పోర్టులూ పనిచేస్తాయి. అయితే అది అదే రేడియోతో అందుకుని అదే రేడియోతో మళ్లీ ప్రసారం చేస్తుంటే, దాని వైఫై వాడేవాళ్లకు వేగం సుమారు సగానికి పడుతుంది. మీకు కావాల్సింది క్లయింట్ బ్రిడ్జ్. ఆసస్ రౌటర్లలో దీన్ని మీడియా బ్రిడ్జ్ అంటారు, డీడీ-డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్‌లో (ఫర్మ్‌వేర్ అంటే రౌటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) క్లయింట్ బ్రిడ్జ్ అనే ఉంటుంది. చాలా టీపీ-లింక్ పాత మోడళ్లలో వైర్‌లెస్ సెట్టింగ్స్‌లోనే డబ్ల్యూడీఎస్ బ్రిడ్జింగ్ అని టిక్ పెట్టే గడి ఉంటుంది. ఇవేవీ లేకపోతే రిపీటర్ మోడ్‌లో పెట్టి, ఆ రౌటర్ ఒప్పుకుంటే దాని సొంత వైఫై ప్రసారం ఆపేయండి.

బ్రిడ్జ్ ఎందుకింత పేచీ పెడుతుందో తెలిస్తే తర్వాత వచ్చే చాలా వింతలు అర్థమవుతాయి. మామూలు వైఫై క్లయింట్ (వైఫైకి కలిసే పరికరం) మెయిన్ రౌటర్‌కు పంపే ఫ్రేమ్‌లో, అంటే డేటా పొట్లంలో, మూడు మ్యాక్ అడ్రసులకే (నెట్‌వర్క్ పరికరాల గుర్తింపు సంఖ్యలకే) చోటుంటుంది: అందుకునే రౌటర్‌ది, పంపే క్లయింట్‌ది, చివరికి చేరాల్సిన యంత్రానిది. ఆ క్లయింట్ వెనక ఇంకో డెస్క్‌టాప్ ఉందని చెప్పుకోవడానికి చోటే లేదు. దీన్ని దాటడానికి రెండు దారులున్నాయి.

ఒకటి డబ్ల్యూడీఎస్. ఇది నాలుగు అడ్రసులున్న ఫ్రేములు వాడుతుంది, ఏ యంత్రం అడ్రస్ ఆ యంత్రానికే ఉంటుంది. శుభ్రమైన పద్ధతి. కానీ కంపెనీలన్నీ దీన్ని ఒకే తీరుగా చేయలేదు కాబట్టి రెండు రౌటర్లూ ఒకే కంపెనీవైతేనే దీని జోలికి వెళ్లమంటాను. రెండోది, వెనక ఉన్న అన్ని యంత్రాల తరఫునా బ్రిడ్జ్ తన సొంత మ్యాక్ అడ్రస్‌నే పెట్టి పంపడం, వచ్చిన జవాబులను ఐపీ అడ్రస్ చూసి ఎవరివి వాళ్లకు పంచడం. ఇది దాదాపు ఏ మెయిన్ రౌటర్‌తోనైనా నడుస్తుంది. దీనికి చెల్లించుకునే మూల్యం: మెయిన్ రౌటర్ లిస్టులో డెస్క్‌టాప్, టీవీ, ప్రింటర్ మూడూ ఒకే మ్యాక్ అడ్రస్‌తో కనిపిస్తాయి. మ్యాక్‌ను బట్టి పెట్టే పేరెంటల్ కంట్రోల్ వాటిని వేరువేరుగా గుర్తుపట్టలేదు, వేక్-ఆన్-లాన్ (ఆపి ఉన్న కంప్యూటర్‌ను నెట్‌వర్క్ మీదుగా లేపడం) కూడా మామూలుగా పనిచేయదు.

మీ 169.254 కూడా ఇక్కడే పుట్టి ఉండొచ్చు. అడ్రస్ కోసం పంపే అభ్యర్థన లోపల డెస్క్‌టాప్ అసలు మ్యాక్ రాసి ఉంటుంది. మెయిన్ రౌటర్ జవాబును నేరుగా ఆ మ్యాక్‌కే పంపిందనుకోండి, ఆ మ్యాక్ ఉన్న క్లయింట్ తన వైఫైలో ఎవరూ లేరు కాబట్టి జవాబు అక్కడే ఆగిపోతుంది. బాగా రాసిన ఫర్మ్‌వేర్ ఈ జవాబు అందరికీ వినిపించేలా పంపమని ముందే అడిగి, దాన్ని పట్టుకుని లోపలికి అందిస్తుంది. అన్నీ ఆ పని చేయవు.

ఇక సెటప్. మొదట మెయిన్ రౌటర్ అడ్మిన్ పేజీలో మూడు విషయాలు రాసుకోండి: దాని లాన్ ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ (ఇక్కడ 192.168.1.1 అనుకుందాం), అది అడ్రసులు పంచే పరిధి (192.168.1.100 నుంచి 192.168.1.199 అనుకుందాం), వైఫై సెక్యూరిటీ రకం. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత రౌటర్ కలవలేదు, డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది ఎంచుకోండి. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ ఒకే పేరుంటే వేరు పేర్లు పెట్టండి, లేకపోతే బ్రిడ్జ్ తనకిష్టమొచ్చిన బ్యాండ్ పట్టుకుని కూర్చుంటుంది. ఛానెల్‌ను ఆటోలో వదలకండి. 2.4 అయితే 1, 6, 11లలో ఒకటి, 5 అయితే 36 నుంచి 48 మధ్య ఒకటి పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లలో రాడార్ సిగ్నల్ వినిపిస్తే మెయిన్ రౌటర్ ఛానెల్ వదిలి పోవాల్సిందే. కొత్తగా అలాంటి ఛానెల్ ఎక్కాలన్నా కనీసం 60 సెకన్లు విని గానీ ప్రసారం మొదలుపెట్టదు. అంతసేపూ వెనక గదికి నెట్ ఉండదు.

తర్వాత పాత రౌటర్. కరెంటు ఇచ్చాక రీసెట్ బటన్‌ను సన్నటి పిన్నుతో 10 సెకన్లు, లైట్లన్నీ ఒకసారి ఆరి వెలిగేదాకా నొక్కి పట్టండి. కంప్యూటర్ వైఫై ఆపేసి, కేబుల్‌ను దాని లాన్ పోర్టులో పెట్టండి. రంగు వేరుగా ఉండే వాన్ పోర్టు వద్దు. చాలా మోడళ్లలో బ్రిడ్జ్ మోడ్‌లో ఆ పోర్టు పనిచేయదు, 169.254కి అదొక్కటే కారణమైన సందర్భాలు తక్కువేమీ కావు. అడ్మిన్ పేజీలో లాన్ ఐపీని 192.168.1.2 చేయండి. రెండు రౌటర్లూ 192.168.1.1 మీదే ఉంటే అడ్మిన్ పేజీ ఒకసారి దీనిది, ఇంకోసారి దానిది తెరుచుకుని బుర్ర తినేస్తుంది. 2 అనేది మెయిన్ రౌటర్ పంచే పరిధికి బయట ఉంది కాబట్టి ఇంకెవరికీ పోదు. గేట్‌వే అడిగితే 192.168.1.1 ఇవ్వండి.

ఇక్కడ కంప్యూటర్‌కు చేత్తో అడ్రస్ పెట్టండి: 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే, డీఎన్‌ఎస్ రెండూ 192.168.1.1. ఇది దాటేసి ముందుకెళ్తే, డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రసులు పంచే పని) ఆపగానే రౌటర్ మీకు అందకుండా పోతుంది, మళ్లీ రీసెట్ కొట్టాల్సి వస్తుంది. ఇప్పుడు 192.168.1.2 తెరిచి బ్రిడ్జ్ మోడ్ పెట్టండి, సర్వే లేదా స్కాన్ బటన్ నొక్కి మెయిన్ రౌటర్ పేరు ఎంచుకోండి, పాస్‌వర్డ్ ఇవ్వండి, సేవ్ చేయండి. చివర్లో డీహెచ్‌సీపీ ఆపండి. కొత్త ఫర్మ్‌వేర్లు మోడ్ మార్చగానే దాన్ని తామే ఆపేస్తాయి, అయినా ఒకసారి చూసుకోండి.

పరీక్ష ఇలా. అదే చేతి అడ్రస్‌తో ముందు 192.168.1.2కి పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే ఆదేశం) చేయండి. జవాబు రాకపోతే తప్పు కేబుల్‌లోనో పోర్టులోనో ఉంది. అది వచ్చి 192.168.1.1 రాకపోతే వైఫై లింకే నిలబడలేదు: పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం, సిగ్నల్ చూడండి. డబ్ల్యూడీఎస్ వాడుతుంటే రెండువైపులా ఛానెల్ ఒకటేనా అనీ చూడండి. రెండూ పలికి నెట్ కూడా వస్తూ, అడ్రస్‌ను ఆటోకు మార్చగానే మళ్లీ 169.254 వస్తే పైన చెప్పిన జవాబు ఆగిపోయే సమస్యే. అప్పుడు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూడండి. అదీ కుదరకపోతే మూడు యంత్రాలకూ 50, 51, 52 అని చేతి అడ్రసులే శాశ్వతంగా ఉంచేయండి. అందులో తప్పేమీ లేదు, ఏళ్ల తరబడి నడుస్తుంది.

సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా చెడగొట్టేది చోటు. చాలామంది బ్రిడ్జ్‌ను టీవీ వెనక, గోడకూ టీవీ లోహపు వీపుకూ మధ్య ఇరికిస్తారు. సిగ్నల్‌కు అంతకంటే చెడ్డ చోటు ఉండదు. బ్రిడ్జ్‌ను సిగ్నల్ బాగున్న చోట, అంటే వెనక గది తలుపు దగ్గరో బీరువాకు పక్కగానో ఎత్తులో పెట్టి, అక్కడినుంచి టీవీకి కేబుల్ లాగండి. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా పనిచేస్తుంది, గది లోపల ఐదారు మీటర్లు దానికో లెక్క కాదు. బ్రిడ్జ్ స్టేటస్ పేజీలో సిగ్నల్ మైనస్ 65 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా (మైనస్ 60, మైనస్ 55) ఉండాలి. మైనస్ 70 దాటితే వీడియో ఆగి ఆగి వస్తుంది. మైనస్ 80 దగ్గర లింక్ నిలబడటమే కష్టం. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ అంకె అందకపోతే 2.4కి మారండి, వేగం తగ్గినా నిలకడ ఉంటుంది.

వేగం విషయంలో స్టేటస్ పేజీ చూపించే 300 ఎంబీపీఎస్ లింక్ వేగం చేతికి రాదు, అందులో సగం వస్తే మంచి లింకే. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయితే వైఫై ఎంత బాగున్నా సుమారు 94 దగ్గర ఆగిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. బ్రిడ్జ్ వైఫైతో కలిసి ఉండగా దాన్ని కేబుల్‌తో కూడా మెయిన్ రౌటర్‌కు తగిలించకండి. రెండు దారులు కలిసి లూప్ అవుతుంది. ఒకే ప్యాకెట్ గుండ్రంగా తిరుగుతూ పెరిగి, ఒక్క వెనక గదికే కాదు, ఇల్లంతటికీ నెట్ ఆగిపోతుంది. అలా జరిగితే రీసెట్ అక్కర్లేదు, ఆ కేబుల్ పీకేసి రెండు రౌటర్లనూ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.

పింగ్ పరీక్షలో ఎక్కడ ఆగిందో, రెండు రౌటర్ల మోడల్ పేర్లేమిటో కింద రాస్తే, ఆ మోడల్‌లో ఏ మెనూలో ఏం మార్చాలో చెప్తాను.