సీరియల్ నవలతో చదవడం నేర్పబోతున్న మా అమ్మాయికి

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివాను. నాలుగో తరగతి పిల్లలకి వారానికో భాగం చొప్పున ఒక నవల చదివిద్దామనుకుంటున్నాను, ఎలా మొదలుపెట్టాలి పెద్దమ్మా అని అడిగావు కదా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

సీరియల్‌కి ఉన్న బలమంతా అది ఆగే చోట ఉంటుంది. ఈ భాగం అయిపోయి వచ్చే భాగం ఇంకా రాని ఆ నాలుగైదు రోజులున్నాయే, నీ అసలు క్లాసు అదీ. చాలామంది టీచర్లు నవలని పెద్ద పాఠంలా చూసి ముక్కలు చేసి, చదివించేసి, కింద పది ప్రశ్నలిచ్చి జవాబులు రాయించి మళ్లీ వారం ఇంకో ముక్క పెడతారు, అప్పుడిక అది నవలైతేనేం వాచకమైతేనేం. తర్వాత ఏమవుద్దో తెలీక పిల్లాడు తనంతట తనే వెనక్కెళ్లి పేజీ తిరగేస్తాడు చూడు, ఆ తిరగేయడమే మనకి కావాల్సింది.

ముందు పుస్తకం సంగతి. మొత్తం నువ్వు ఒకసారి చివరిదాకా చదివెయ్, ఒక్క పేజీ కూడా వదలకు, మధ్యలో పిల్లలకి భయం కలిగించేదో బాధపెట్టేదో ఉంటే ముందే తెలియాలి. ఒక్కో భాగం నువ్వు పైకి చదివితే పది పన్నెండు నిమిషాల్లో అయిపోవాలి, అంతకంటే ఎక్కువైతే వెనక బెంచీలు కదలడం మొదలుపెడతాయి. మొత్తం పది పన్నెండు భాగాలు చాలు, ఒక టర్మ్‌లో అయిపోవాలి, సెలవుల్లోకి కథ జారిపోతే తిరిగొచ్చేసరికి సగం మందికి గుర్తుండదు. ముఖ్యమైన పాత్రలు నాలుగైదుకి మించకుండా చూడు. సంభాషణలు ఎక్కువున్న నవలైతే ఇంకా మంచిది, వాక్యాలు చిన్నగా ఉంటాయి, గొంతు మార్చి చదవడం పిల్లలకి సరదా. జెరాక్స్ తీసి పంచాలనుకుంటే మాత్రం రచయితనో పబ్లిషర్‌నో అడిగి తియ్యి, పిల్లల కోసమే కదా అని ఊరుకోకు.

ఆ నవల మొదటినుంచీ సీరియల్‌గా వచ్చిందే అయితే ఎక్కడ ఆపాలో రచయితే చూసుకుని ఉంటాడు. మామూలు నవలైతే ఆ పని నీదే. ఇక్కడ అందరూ ఒకేలా చేస్తారు, పులి దూకబోతుండగా ఆపేస్తారు. అది ఉత్కంఠే కానీ దాంట్లో పిల్లాడు ఆలోచించడానికేమీ లేదు, దూకుద్దా దూకదా, అంతే. ఊహించడానికి కావాల్సిన ఆధారాలు అప్పటికే కథలో పడి ఉన్నచోట ఆపు. ఉదాహరణకి ఇలాంటి భాగం ఉందనుకో, పాపా వాళ్ల అన్నయ్యా పాత ఇంట్లోకి వెళ్తారు, రెండో పేరాలో కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారని ఒక వాక్యం ఉంటుంది, చివర్లో దీపం ఆరిపోతుంది. అక్కడ ఆపి దీపం ఎందుకు ఆరిపోయింది అని అడుగు. గాలికి అంటారు సగం మంది. ఎవడో ఒకడు కాసేపాగి, కిటికీలు మూసున్నాయి కదా టీచర్, గాలెక్కడిది అంటాడు. ఎక్కడుంది ఆ మాట, చూపించు అను. ఇక చూడు, క్లాసంతా రెండో పేరా వెతుక్కుంటుంది, మళ్లీ చదవండర్రా అని నువ్వు ఒక్కసారి కూడా చెప్పక్కర్లేదు.

మొదటి రోజు భాగం నువ్వే పైకి చదువు, పిల్లల చేతిలో కాగితం ఉండాలి, వేలు పెట్టుకుని నీతోపాటు వస్తారు. నాలుగో తరగతికి వచ్చాక కూడా మనమే చదవాలా అంటారు కొందరు. చదవాలి. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు ఒక మాటన్నారు, చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాల్ని మాటలుగా పలకగలగడం, విన్న భాష అర్థం చేసుకోగలగడం, ఈ రెండిటి గుణకారం అని. కూడిక అనలేదు చూడు, ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. నీ క్లాసులో ఒత్తుల దగ్గర తడబడే పిల్లాడు కథ అర్థం చేసుకోవడంలో అందరికంటే చురుగ్గా ఉండొచ్చు, పలకడంలో వెనకబడ్డందుకు వాడికి కథే అందకుండా పోతే ఎంత అన్యాయం. నీ గొంతులో కథ విన్నాక ఆ పేజీ వాడికి కొత్తది కాదు, రెండోసారి వాడంతట వాడు చదివేటప్పుడు ఏం వస్తుందో తెలుసు కాబట్టి కష్టమైన మాట దగ్గర ఆగిపోకుండా గట్టెక్కుతాడు.

రెండో రోజు ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఆ భాగంలోంచి ఒక చిన్న ముక్క, వంద మాటలు చాలు, ఒకరికొకరు రెండు మూడు సార్లు చదువుకోమను. ఒకే చిన్న భాగాన్ని మళ్లీ మళ్లీ చదివితే వేగం పెరుగుతుందని, ఆ లాభం తర్వాతి భాగానికి కూడా అందుతుందని జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే రాశాడు. మామూలుగా అయితే చదివిందే చదవమంటే మొహం మాడ్చుకుంటారు, సీరియల్‌లో ఆ బాధ ఉండదు, ఆధారాలు వెతకడానికి చదువుతున్నారు కాబట్టి. కానీ వరసగా ఒక్కొక్కరూ లేచి ఒక్కో వాక్యం చదవడం మాత్రం పెట్టొద్దమ్మా, ఇది గట్టిగా చెప్తున్నా. పిల్లలు ఏం చేస్తారంటే తమ వంతుకి ఏ వాక్యం వస్తుందో లెక్కపెట్టుకుని దాన్నే నోట్లో గొణుక్కుంటూ కూర్చుంటారు, కథ ఒక్క ముక్క వినరు, చదవడం రాని పిల్లకేమో తన వంతు వచ్చేదాకా గుండె దడ.

మన భాషలో చదివేటప్పుడు పిల్లలు ఎక్కడ దారి తప్పుతారో గమనించావా? మనకి వాక్యంలో కర్త లేకపోయినా నడిచిపోతుంది. "మెల్లగా తలుపు తోసి లోపలికి వచ్చింది" అని ఉంటుంది. ఎవరొచ్చారు? అమ్మాయా, అవ్వా, వాళ్ల మేకా? మూడిటికీ ఆ క్రియే సరిపోతుంది. పెద్దవాళ్లకి పైన రెండు వాక్యాలు గుర్తుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు, అక్షరాలు కూడబలుక్కునే పిల్లకి పైవాక్యం అప్పటికే జారిపోయి ఉంటుంది, అందుకే చక్కగా పైకి చదివి కూడా ఎవరు ఎవరితో అన్నారో చెప్పలేకపోతుంది. దీనికో చిన్న పని, ఒక పేరా తీసుకుని ప్రతి క్రియ పైన ఆ పని చేసినవాళ్ల పేరు పెన్సిల్‌తో రాయించు. రెండు చోట్ల కచ్చితంగా గొడవ పడతారు, పడనివ్వు, పైకెళ్లి చదివి తేల్చుకుంటారు. అలాగే "ఎక్కడికెళ్లిపోయాడోననుకుంటూ" లాంటి పొడుగాటి మాట దగ్గర ఆగిపోతే తిట్టకు, బోర్డు మీద రాసి ఎక్కడికి, వెళ్లిపోయాడో, అని, అనుకుంటూ అని గీతలు పెట్టి విడగొట్టి చూపించి మళ్లీ కలిపి చదివించు, రెండు వారాల్లో వాళ్లే విడగొట్టడం మొదలుపెడతారు. కొత్త మాటలు భాగానికి మూడో నాలుగో చాలు, మొదటిసారి చదివేటప్పుడు అర్థాల కోసం కథ ఆపొద్దు, పక్కనే తేలిక మాట ఒకటి చెప్పేసి ముందుకెళ్లిపో.

ఇక అన్నిటికంటే నాకిష్టమైంది, "ఇంతవరకు జరిగిన కథ". కొత్త భాగం మొదలుపెట్టేముందు అది పిల్లలే రాయాలి, ఐదు వాక్యాల్లో, అంతకు మించి ఒక్కటి కూడా ఒప్పుకోకు. మూడో భాగం దగ్గర ఐదు వాక్యాలు బోలెడు. ఏడో భాగానికి వచ్చేసరికి చూడు ఏమవుతుందో, కథ పెరిగిపోయింది, వాక్యాలు ఐదే, ఏది వదలాలి? తాళంచెవి దొరికిన సంగతి ఉంచాలా, సంతలో తప్పిపోయిన సంగతి ఉంచాలా? తాళంచెవి ముందుముందు పనికొస్తుంది టీచర్, సంతలో తప్పిపోవడం అయిపోయింది కదా అని ఒక పిల్ల అందనుకో, ఆ పిల్లకి సారాంశం రాయడం వచ్చేసినట్టే, ఇంకెవరూ ఏ నిర్వచనమూ చెప్పక్కర్లేదు. పైగా అది ఉత్తుత్తి రాత కాదు, జ్వరమొచ్చి పోయిన వారం రాని పిల్లాడికి నిజంగా ఆ ఐదు వాక్యాలే దిక్కు. వాడికి చదివి వినిపించి అర్థమైందా అని అడగండి అను, కాలేదంటే రాసినవాళ్లే దిద్దుకుంటారు. ఆన్‌మేరీ పాలింక్సర్, ఆన్ బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో రాసిన పద్ధతి ఒకటుంది, పిల్లలు వంతులేసుకుని టీచర్ స్థానంలో కూర్చుని క్లుప్తంగా చెప్పడం, ప్రశ్న అడగడం, అర్థం కానిది తేల్చుకోవడం, తర్వాతేమవుతుందో ఊహించడం, ఈ నాలుగూ నడిపిస్తారు. సీరియల్ పెడితే ఆ నాలుగిటికీ దానంతటదే చోటు దొరుకుతుంది, నువ్వు కుర్చీ ఖాళీ చేసి పక్కకి జరిగితే చాలు.

ఊహలు చీటీల మీద రాయించి గోడకి అంటించు, ఊహ కింద అది ఏ పేజీలోంచి పుట్టిందో కూడా రాయాలి. కొత్త భాగం చదివాక ఎవరిది నిజమైందని చప్పట్లు కొట్టించకు. తప్పైనా మంచి ఆధారంతో ఊహించిన పిల్లని ముందు మెచ్చుకో, గుడ్డిగా చెప్పింది నిజమైనవాడి కంటే ఆ పిల్ల బాగా చదివింది.

ఇంకొక్క పేజీ టీచర్, ఒక్కటే ఒక్కటి అని బతిమాలతారు, కరిగిపోకు. పిల్లల ఆరాటానికి ఎంత బలముందో తెలుసా, చెక్కబొమ్మ పినోకియో కథ 1881లో ఇటలీలో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలైంది, రచయిత కొల్లోడి పదిహేనో అధ్యాయంలో ఆ బొమ్మని చెట్టుకి ఉరేయించి కథ ముగించేశాడు, చదివే పిల్లలు ఒప్పుకోలేదు, మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు, చివరికి 1883లో ముప్పై ఆరు అధ్యాయాల పుస్తకమైంది. నీ క్లాసులోనూ ఆ ఆరాటమే పనిచేస్తుంది, దాన్ని ముందే తీర్చేస్తే వారమంతా చెయ్యడానికేం మిగలదు. అయితే ఇంకో మాట, అల్లరి చేస్తే ఈ వారం కథ లేదు అని మాత్రం ఎప్పుడూ అనకు. కథ వాళ్ల హక్కు, దాన్ని బెత్తం చేయకూడదు, అల్లరి చేసినందుకు వేసే శిక్ష ఏదైనా ఉంటే అది కథకి బయట ఉండాలి.

ఎవరో ఒకరు పుస్తకం సంపాదించి ముందే మొత్తం చదివేస్తారు. సంతోషించు. చివరి సంగతి బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకుని గోడ మీద చీటీలు అంటించే పని, రాని పిల్లలకి కథ చెప్పే పని అప్పగించు, వాళ్లకి గౌరవమూ ఉంటుంది, నోరూ అదుపులో ఉంటుంది. ఒకటి రెండు తరగతులకైతే ఇంత పెద్ద వ్యవహారం వద్దు, నాలుగైదు భాగాల చిన్న కథ, రోజుకొకటి, వారంలో పూర్తి.

మార్కుల సంగతి అడిగావు. ఈ కథకి పరీక్ష పెట్టకు. రోజుకి ఇద్దరు ముగ్గురు పిల్లల పక్కన కూర్చుని ఒక పేరా చదివించుకుని ఎక్కడ ఆగారు, తప్పు చదివి తమంతట తామే దిద్దుకున్నారా, కామా దగ్గర ఊపిరి తీసుకున్నారా, ఇవి నోటుబుక్కులో రాసుకో. తమంతట తాము దిద్దుకోవడం ప్రత్యేకంగా చూడు, చదువుతున్నది అర్థమవుతుంటేనే తప్పు చదివినట్టు తెలుస్తుంది. హెడ్మాస్టరు అడిగితే ఆ నోటుబుక్కు చూపించు, పది ప్రశ్నల పేపర్ కంటే ఎక్కువే చెప్తుంది.

మూడో భాగానికి కూడా కథ పిల్లల్ని పట్టుకోకపోతే మొహమాటం లేకుండా ఆపేసి ఇంకోటి తీసుకో. ఎందుకు నచ్చలేదో పిల్లల్నే అడుగు, వాళ్లకి బాగా తెలుసు.

అంతా అయ్యాక భాగాలన్నీ వరసగా కుట్టి, పిల్లల చేతికందే ఎత్తులో పెట్టు, బీరువాలో దాచకు. నెమ్మదిగా చదివే పిల్లలే ఎక్కువగా మళ్లీ మొదటి భాగం తీస్తారు, ఈసారి సాఫీగా పోతుంటుంది, పక్కవాళ్లని పిలిచి మరీ వినిపిస్తారు. నీ నోటుబుక్కులో మొదటి వారం రాసుకున్నదీ ఇప్పుడు వింటున్నదీ పక్కపక్కన పెట్టి ఆ పిల్లలకే చూపించు.

నువ్వు అనుకుంటున్న నవల ఏదో చెప్పలేదు. మొదటి రెండు అధ్యాయాలు ఫొటోలు తీసి పంపు, ఎక్కడ ఆపితే బావుంటుందో ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం.

పెద్దమ్మ