కొర్రన్నం గొంతులో గుచ్చుకుంటోందా? ఏం మార్చాలంటే

మీ ప్రశ్న ఇదీ: అన్నం మానేసి కొర్రలకు మారారు, నూనె సగానికి తగ్గించారు. ఇప్పుడు ముద్ద గొంతు దిగడం లేదు, కూరలు చప్పగా ఉంటున్నాయి, తిన్న గంటకే పిల్లలూ మామగారూ బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటున్నారు. మళ్లీ బియ్యానికే వెళ్లిపోవాలా అని అడిగారు. అక్కర్లేదు. వండే పద్ధతి మారిస్తే చాలు.

ముందు గొంతులో గుచ్చుకోవడం సంగతి చూద్దాం. అది నానకపోవడం వల్లే. బియ్యానికి అరగంట సరిపోతుంది గానీ పాలిష్ పట్టని కొర్ర గింజ మీద తవుడు పొర ఉంటుంది, నీళ్లు లోపలికి పోవడానికి కనీసం 4 గంటలు కావాలి. పొద్దున వంటకు రాత్రే నానెయ్యండి. ఎండాకాలమైతే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి నీళ్లు పులుస్తాయి. నానెయ్యడానికి ముందే నాలుగైదు నీళ్లు పోసి గాలించాలి. సన్న ఇసుక అడుగున ఉండిపోతుంది కాబట్టి చివరి గుప్పెడు గింజలు నీళ్లతో సహా వదిలేసినా నష్టం లేదు. ఒక్క రాయి పంటి కింద పడిందంటే ఇంట్లోవాళ్లు మళ్లీ కొర్రల జోలికి రారు.

నానిన నీళ్లు వంపేసి, కప్పు కొర్రలకు రెండున్నర కప్పుల నీళ్ల లెక్కన మందపాటి గిన్నెలో పెట్టండి. పొంగు వచ్చాక మూత పెట్టి సిమ్‌లో 12 నుంచి 15 నిమిషాలు. స్టవ్ కట్టేశాక ఇంకో 10 నిమిషాలు మూత ముట్టుకోకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: నీళ్లు ఇంకగానే మూత తీసి గరిటెతో కలిపేస్తారు. అడుగున ముద్ద, పైన పలుకు తయారవుతుంది. ఆ పది నిమిషాల ఆవిరికే పైగింజ కూడా మెత్తబడుతుంది. తర్వాత అరచెంచా నెయ్యి వేసి ఫోర్కుతోనో, చేత్తోనో పొడిపొడిగా విడదియ్యండి. కుక్కరైతే రెండు విజిళ్లు, ఆవిరి దానంతటదే పోవాలి.

కొర్రన్నం చల్లారితే బియ్యం అన్నం కంటే త్వరగా బిరుసెక్కుతుంది. కాబట్టి తినే వేళకు వండుకోండి. బాక్సులో పెట్టాలంటే పులిహోరో పెరుగన్నమో చేసి పెట్టండి, ఉత్త అన్నం వద్దు. మొదటి పదిహేను రోజులు సగం బియ్యం కలుపుతామంటే కలపండి, కానీ రెండూ ఒకేసారి నానేస్తే బియ్యం జావవుతుంది. కొర్రలు నానుతున్న గిన్నెలో బియ్యాన్ని ఆఖరి అరగంటలో వెయ్యాలి.

ఇక నూనె. తగ్గించడం మంచిదే, కానీ మీరు తగ్గించిన చోటు తప్పు. మూకుడులో ఒక్క చెంచా నూనె పోసి, అందులోనే పోపు, ఉల్లిపాయ, కూర అన్నీ కానిచ్చేస్తే నూనె పల్చగా పరుచుకుపోతుంది. ఆవాలు చిట్లకముందే మాడతాయి, వాసన రాదు. ఇంగువ, జీలకర్ర, మిర్చి వాసనలు నూనెలోకే దిగుతాయి, ఉత్త నీళ్లలో ఉడికితే అంతగా రావు. అందుకే తక్కువ నూనెతో వండే ఇంట్లో చిన్న పోపు గరిటె తప్పనిసరి. కూరనో పప్పునో నూనె లేకుండానే ఉడికించి దించండి. గరిటెలో ఒక టీస్పూను నూనె కాగనిచ్చి అరచెంచా ఆవాలు వెయ్యండి. చిటపట తగ్గుముఖం పట్టగానే జీలకర్ర, ఎండుమిర్చి, నలిపిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు. వెల్లుల్లి అంచు రంగు తిరగగానే మంట మీంచి తీసి కరివేపాకు, చిటికెడు ఇంగువ. అప్పటికప్పుడు పప్పు మీద పోసి, రెండు నిమిషాలు మూత. ఆ వాసన బయటికి పోకుండా పప్పులోకే దిగుతుంది. నలుగురికి ఇది ఒక్క చెంచా నూనె, మొత్తం 40 కేలరీలు.

బెండకాయ వేపుడుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. పావుకిలోకు రెండు చెంచాలు ఉండాల్సిందే, ఇనప మూకుడు కావాల్సిందే. కాయలు కడిగి, తడి పూర్తిగా ఆరాక అంగుళం ముక్కలు కొయ్యండి. మూత పెట్టొద్దు, ఉప్పు ఆఖర్న. ముందే ఉప్పు వేస్తే నీరూరి జిగురు సాగుతుంది, ఆ జిగురు వదిలించడానికి మళ్లీ నూనె పోస్తారు. గోరుచిక్కుడు, బీన్స్, అరటికాయ లాంటివి ఉప్పు నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి, గరిటె పోపుతో పాటు కింద చెప్పే పొడి రెండు చెంచాలు చల్లితే వేపుడు గుర్తుకు రాదు.

చప్పదనానికి ఇంకో కారణం పులుపు తక్కువ కావడం. ఉప్పు చాల్లేదనిపించినప్పుడు ఉప్పు డబ్బా తియ్యకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు లోపు, అంటే సుమారు ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, పచ్చడి కలిపితే అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. నిమ్మరసం స్టవ్ కట్టేశాకే పిండాలి. చింతపండు, పుల్ల మామిడి, గోంగూర మాత్రం పప్పు పూర్తిగా ఉడికాక వెయ్యండి, ముందే వేస్తే పులుపుకు పప్పు పలుకు విడవదు.

ఆ పొడి సంగతి. అవిసె గింజలు 100 గ్రాములు, నువ్వులు 50, ఎండుమిర్చి పది, జీలకర్ర ఒక చెంచా, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు ఒక చెంచా. అవిసెలు సన్నసెగ మీద వేయిస్తే చిటపటమంటాయి, ఆ చప్పుడు తగ్గగానే పళ్లెంలోకి తీసెయ్యాలి. ఇంకో నిమిషం ఉంచారంటే చేదు, ఎంత బెల్లం వేసినా పోదు. నువ్వులు విడిగా వేయించండి, అవి చాలా త్వరగా మాడతాయి. మిర్చి, జీలకర్ర ఆ వేడి మూకుట్లోనే. చింతపండును కూడా అందులో కాసేపు తిప్పితే తేమ పోతుంది. అన్నీ పూర్తిగా చల్లారాక మిక్సీని ఆపి ఆపి తిప్పండి, వెల్లుల్లి చివర్లో. వేడి మీద గ్రైండ్ చేస్తే నూనె బయటికొచ్చి పొడి ముద్ద కడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మూడు వారాల్లో వాడెయ్యండి, అవిసె నూనె త్వరగా పాతవాసన పడుతుంది. వేడి కొర్రన్నంలో ఈ పొడి చెంచా, నెయ్యి అరచెంచా కలిపి మొదటి ముద్ద పెట్టండి. మామగారు మాట్లాడకుండా తింటారు.

గంటకే ఆకలి ఎందుకంటే, మీరు కొర్రన్నంతో చారు, మజ్జిగ పోసుకుంటున్నామని రాశారు. 100 గ్రాముల పచ్చి కొర్రల్లో మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు, బియ్యంలో 7. తేడా ఉంది, కానీ భోజనం మొత్తాన్ని అదొక్కటే మొయ్యలేదు. కేలరీలైతే దాదాపు బియ్యానికి సమానం, ఎంత తిన్నా పర్లేదన్న ప్రచారం షుగరున్నవాళ్లు అస్సలు నమ్మొద్దు. కంచంలో కొలత మార్చండి: వండిన కొర్రన్నం కప్పు, చిక్కటి ఆకుకూర పప్పు కప్పు, కూర కప్పు పైనే, చివర్లో గట్టి పెరుగు అరకప్పు. పప్పుకు మనిషికి 40 గ్రాముల కందిపప్పు లెక్క. ఉడకబెట్టే ముందు మూడు నిమిషాలు దోరగా వేయిస్తే, పోపు లేకపోయినా కమ్మగా ఉంటుంది. గుడ్డు తినేవాళ్లయితే వారంలో రెండు రోజులు పప్పు బదులు గుడ్డు పులుసు.

రాత్రి మిగిలిన కొర్రన్నం పారెయ్యకండి. కప్పు అన్నాన్ని చేత్తో బాగా మెదిపి, గోరువెచ్చని పాలు కప్పున్నర, పెరుగు చెంచా కలిపి మూత పెట్టండి. పొద్దున్నకి తోడన్నం తయారు. ఉప్పు, చిన్న ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటే పిల్లలకు బడికి ముందు అదే టిఫిను. ఎండల్లో మాత్రం తోడుకోగానే ఫ్రిజ్‌లోకి మార్చండి, తెల్లారేదాకా బయటే ఉంచితే పుల్లబడిపోతుంది.